మొలకత్తియు గంటమును

శ్రోతలారా, నేడు మీతో ముచ్చటింపదలచిన వస్తువు మిక్కిలి చిన్నది. అఱచేత నిముడును. రొండిన దోపుకొన్నను, జేబులో వేసికొన్నను దాని బరువు తెలియదు. కాని యది యొద్ద లేనినాడు దాని కలవాటుపడిన మనుష్యునకు పనులన్నియు కుంటుపడును. అదియే నిత్యము వెంటనుంచుకొను చిన్నకత్తి. చరిత్ర యనగానే మనకు కోటలును, ఖడ్గములును, పట్టాభిషేకములును జ్ఞప్తికి వచ్చును. కొండవీటి దుర్గమును గూర్చి చెప్పువారనేకులు కలరు. ఆ దుర్గము నేలిన సీమలో పొలమునకు పోవు కాపు మొలనున్న కత్తి యెట్టిది, కచ్చేరికి పోవు కరణము మొలనున్న కత్తి యెట్టిది అని విచారించినవారు అరుదు. ఆ రెండు కత్తులను గూర్చి నేను తెలిసికొన్నంత మట్టుకు మనవి చేసెదను.

నేను తుళ్లూరివాడను. మా యూరు గుంటూరు జిల్లాలో కృష్ణానదికి దక్షిణమున నున్నది. నేల నల్లరేగడి. పత్తియు, మిరపయు చిరకాలముగా దాని పంటలు. మా యూర సాయంకాలమున రచ్చబండ యొద్ద నావంటి వృద్ధులు కొందఱు చేరుచుందురు. లోకాభిరామాయణమైన పిదప ఒక్కొక్కడు తన కత్తిని బయటికి తీయును. ఇది మాకు కొన్నియేండ్లుగా నొక వినోదమైనది. ఒకరిది మేకకొమ్ము పిడిగల మడతచాకు. ఒకరిది కమ్మరికొలిమిలో చేయించుకొన్న మొలకత్తి. దానికి తోలుతో కుట్టిన యొఱ. ఒకరిది కుమారుడు అమెరికానుండి తెచ్చిన యెఱ్ఱపిడి స్విస్సుకత్తి. అందు కత్తియే కాక కత్తెరయు, రంపమును, సీసామూతలు తీయు కొక్కెమును కలవు. ఒకరి తాంబూలపు సంచిలో నడకత్తెర. నాది మా తాతగారి గంటము.

కత్తిని చేతినుండి చేతికి అందీయరాదని మనవారి కట్టుబాటు. ఉప్పు విషయమునను, నువ్వుల విషయమునను ఎట్లో దీని విషయమునను అట్లే. ఇచ్చువాడు క్రింద పెట్టవలెను. పుచ్చుకొనువాడు క్రిందినుండి తీసికొనవలెను. అట్లు చేయనిచో స్నేహము తెగునందురు. ఐరోపాఖండమున గూడ ఇట్టి నమ్మకమే యున్నది. అక్కడ కత్తిని కానుకగా నిచ్చినవానికి పుచ్చుకొన్నవాడు ఒక చిన్న నాణెము చెల్లించును. అంతట నది కానుక కాక కొనుగోలగును, స్నేహమునకు భంగముండదు. ఎంత దూరదేశస్థులైనను పదునుగల వస్తువును చూచి మానవులు ఒకే విధముగా శంకించిరి. మేమును కత్తులను రాతిబండమీద వరుసగా పెట్టి, ఒకరిది యొకరు తీసికొని చూచుచుందుము.

ఒకనాడు నా గంటమును చేతబట్టి యొక రైతుమిత్రుడు, “ఇది దేన్ని కోస్తుందండీ పంతులుగారూ?” అని యడిగెను. నేను తాటాకును గూర్చి చెప్పబోవునంతలో, వయసున మాయందఱకంటె పెద్దవాడైన కమ్మరి, “అది పొలాల్ని కోసిందిరా అబ్బాయ్” అనెను. అందఱు నవ్విరి. నేనును నవ్వితిని. కాని యింటికి వచ్చిన తరువాత ఆ మాట నన్ను విడువలేదు. అది పరిహాసము కాదు. నాలుగు మాటలలో చెప్పిన గ్రామచరిత్ర. నేటి ప్రసంగమునకు మూలమదియే.

ముందుగా పేరులను చూతము. కత్తి యనుమాట తెలుగు, కన్నడ, తమిళ, మలయాళములు నాల్గింటను కలదు. అది దక్షిణదేశపు సొంత సొత్తు. సంస్కృతమునందలి ఛురిక మన కావ్యములలో సురియగా కనబడును. చాకు పారసీకపదము. 1579లో కొండవీటి దుర్గము గోలకొండ పాదుషాల వశమయ్యెను. ఆ సీమకు ముర్తజానగరమని నూతననామము కలిగెను. కచ్చేరీలలో పారసీక వ్యవహారము సాగెను. కాగితము, కలము, చాకు అను మూడు మాటలును ఒకే వ్రాయసగాని పెట్టెలోనివి. రెల్లుకలమును చెక్కుటకు చాకు వలయును; ఆ కలముతో వ్రాయుటకు కాగితము వలయును. కావున చాకు సయితము మొదట వ్రాతకు సేవచేసిన పరికరమే. ఐరోపాలోను ఇంతే. పక్షియీకను చెక్కి కలముగా చేయుటకు వాడిన చిన్నకత్తికే వారు కలపుకత్తి యని పేరిడిరి. ఈకలు పోయి ఉక్కుపాళీలు వచ్చిన తరువాతను ఆ పేరు నిలిచిపోయినది.

ఇక గంటము. ఇది జానెడు పొడవుగల యినుపకడ్డీ. ఒక కొన సూదివలె సన్నమై యుండును. కొన్నింటికి రెండవకొన ఆకువలె పలుచగా సాగగొట్టబడి పదును పెట్టబడియుండును. సన్ననికొన వ్రాయుటకు, పలుచనికొన ఆకును కత్తిరించుటకు. మఱికొన్ని గంటములలో కత్తి వేఱుగానుండి పిడిలోనికి మడచుకొనును. ఒకే పిడికి ఒకవైపున గంటము, ఒకవైపున కత్తి. తమిళదేశమున ఇట్టి దానిని మడక్కెళుత్తాణి యందురు, మడతగంటమని యర్థము. మా తాతగారిది ఈ జాతిదే. ఇత్తడిపిడి అరిగి నునుపెక్కినది. దానిని మొలనూలికి వ్రేలాడు ఒఱలో పెట్టుకొని వారు తిరుగుచుండెడివారట.

తాటాకుపై వ్రాయుట నేటివారు చూడనిది గాన కొంచెము వివరింతును. ముదిరీముదరని యాకులను తెచ్చి, యీనెలు తీసి, నీటిలో నుడికించి, నీడన నారబెట్టి, నునుపైన రాతితో రుద్దవలెను. పిమ్మట కత్తితో అంచులను సమముగా కోసి, బెజ్జములు తొలిచి, త్రాడు గ్రుచ్చవలెను. శ్రీతాళపత్రమైనచో మఱింత మెత్తన, మఱింత మన్నిక. వ్రాయువాడు ఎడమచేత ఆకును పట్టి, ఎడమ బొటనవ్రేలిని గంటమునకు ఊతగా నిచ్చును. కలముతో వ్రాయునపుడు చేయి కాగితముమీద జరుగును. ఇచ్చట చేయి నిలిచియుండగా ఆకే యెడమకు జరుగుచుండును. వ్రాసిన యక్షరము మొదట కంటికి కనబడదు. దీపపుమసియో, ఆకుపసరో పూసి తుడిచినపుడు గీతలలో నలుపు నిలిచి యక్షరములు తేలును. పురుగు పట్టకుండ పసుపు రాయుటయు కలదు. తెలుగక్షరములు గుండ్రముగా నుండుటకు తాటాకే కారణమని చెప్పువారున్నారు. ఆకుపోగు వెంబడి తిన్నని యడ్డుగీత గీచినచో నాకు చీలును. నాగరికి తలపై నడ్డుగీత యున్నది. మనకు తలకట్టు మాత్రమే యున్నది. శిలాశాసనములలోను గుండ్రదనము కనబడుటచే కారణమదియొక్కటే యనుటకు వీలులేదు. కాని, ఆకుమీద గంటము పట్టిన చేతికి గుండ్రనియక్షరమే హాయి యనుట నిశ్చయము.

ఈ గంటమునకు మన వాఙ్మయమునందొక కథ కలదు. 13వ శతాబ్దిలో తిక్కనసోమయాజి భారతమును ఆంధ్రీకరించునపుడు కుమ్మరి గురునాథుడు లేఖకుడుగా నుండెననియు, కవి తడుమకొనక చెప్పవలెననియు, లేఖకుడు గంటము నాపక వ్రాయవలెననియు వారిద్దఱు నియమము చేసికొనిరనియు పెద్దలు చెప్పుదురు. ఇది చరిత్ర కాకపోవచ్చును, ఐతిహ్యము. కాని యా తిక్కనగారి పితామహుడగు మంత్రిభాస్కరుడు గుంటూరికి ప్రభువుగా నుండినవాడు. ఆ విధముగ మా జిల్లావారికి ఆ కథపై కొంత హక్కున్నది. కవి వాక్కునకు సరియైన గౌరవము లేఖకుని గంటమునకును ఇచ్చిన జాతి మనదని యా కథవలన తేలుచున్నది.

కాని కావ్యములు వ్రాసిన గంటములు కొలది. లెక్కలు వ్రాసినవే లెక్కకు మిక్కిలి. ఊరూర కరణముండెను. పొలిమేరలేవి, చెఱువుక్రింది భూమియెంత, ఏ గుడికి ఏ మాన్యము, ఎవడు ఎంత శిస్తు చెల్లింపవలెను అను విషయములన్నియు వాని తాటాకు కవిలెలలో నుండెను. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కుంపినీవారి చేతికి వచ్చెను. పరిపాలింపవచ్చిన దొరలకు దేశమును తెలిసికొనుటకు దారి ఈ కవిలెలే. కల్నల్ కాలిన్ మెకంజీ తన యుద్యోగులచే గ్రామగ్రామమున వృత్తాంతములను సేకరింపజేసెను. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను సోదరులు ఆయనకు కుడిభుజములు. మా పొరుగున నున్న అమరావతికి ఆయన 18వ శతాబ్ది చివరను, మరల 1816లోను వచ్చి స్తూపశిల్పములకు చిత్రములు వ్రాయించెను. గ్రామకరణముల దండకవిలెలనుండి యెత్తి వ్రాసిన యా వృత్తాంతములకే కైఫీయతులని పేరు. 1821లో మెకంజీ మరణించెను. ఆయన సేకరించిన తెలుగువ్రాతలు పెక్కు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకాలయమునకు చేరినవి. నేడు గుంటూరు సీమలో నొక పల్లె చరిత్రను వ్రాయదలచినవాడు మొదట చూచునది ఆ కైఫీయతులనే. అనగా, పేరైనను మిగులని కరణముల మొలనున్న గంటములే మన గ్రామములకు చరిత్రను మిగిల్చినవి.

ఇది యొక ప్రక్క. రెండవప్రక్కను గూడ చూడక తప్పదు. కాపు చదువెఱుగడు. తన పొలమును తాను దున్నును, కోయును. అది తనదని చెప్పు నాకు మాత్రము వేఱొకని యింట నుండును. ఆ యాకుమీద గంటము ఇంచుక జరిగినచో గట్టు జరిగినట్లే. అందుచేతనే కరణమన్నచో జనులకు భక్తియు భయమును కలిసి యుండెను. మన సామెతలలోను, శతకములలోను కరణమునకు తగిలిన చుఱకలు తక్కువవి కావు. ధర్మాత్ములైన కరణములు లేకపోలేదు. తగవుపడిన యన్నదమ్ములకు పొత్తు కుదిర్చినవారును కలరు. అయినను, ఒకడు మాత్రమే చదువగలిగిన యూర ఆ యొక్కని చేతి యినుము నాగలికంటె బలమైనదగుట స్వభావసిద్ధము. కమ్మరి చెప్పిన మాట కర్థమిదియే. కొడవలి కోసినది మరుసటియేడు మొలకెత్తును. గంటము కోసినది తరములు గడచినను మొలకెత్తదు.

ఇట్లుండియు, ఈ రెండు కత్తులకు ఏడాదికొకమాఱు సమానగౌరవము లభించుచుండెను. మహర్నవమినాడు ఎవని పనిముట్టును వాడు పూజించును. కాపు నాగలిని, వడ్రంగి ఉలిని, మంగలి క్షురమును, వ్రాయసగాడు గంటమును పూజించుచుండిరి. 18వ శతాబ్ది చివరను దక్షిణదేశమునకు వచ్చి చిరకాలము నివసించిన డుబాయి యను ఫ్రెంచిమతబోధకుడు ఈ యాచారమును చూచి తన గ్రంథమున వ్రాసియుంచెను. ఆ దినమున కత్తియు కలమును వేఱువేఱు కులములవారి యిండ్లలో ఒకే పసుపుకుంకుమలను ధరించుచుండెను.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున తాటాకు వెనుకబడెను. కాగితపు లెక్కలు వచ్చెను. 1858లో చెన్నరాజధానిలో సర్వేశాఖ యేర్పడి, పొలములకు పటములు గీయబడెను. అచ్చుపుస్తకములు వీధిబడులకు సయితము వచ్చెను. గంటము మొలనుండి పెట్టెలోనికి దిగెను. దాని స్థానమున మడతచాకు వచ్చెను. షెఫీల్డు నగరపు చాకులు ఓడలపై దిగెను. అదే కాలమున లోకమంతటను జేబుకత్తులకు నేటి రూపములు కలుగుచుండెను. ఫ్రాన్సునందలి సవాయి కొండలలో జోసెఫ్ ఒపినెల్ 1890లో కఱ్ఱపిడిగల రైతుకత్తిని చేసెను. స్విట్జర్లాండున కార్ల్ ఎల్సెనర్ 1897లో సైనికాధికారుల బహుపరికరపుకత్తిని చట్టరీత్యా నమోదు చేయించెను. మా రచ్చబండమీది యెఱ్ఱపిడికత్తి ఆ వంశములోనిదే. మన దేశముననే ఉత్తరమున రామపురపు చాకులు ప్రసిద్ధికెక్కెను. కాని వాని ప్రసిద్ధి వేఱు రకమైనది, సినిమాలు చూచువారికి విశదము.

కత్తి యన్నచో రౌడీచేతి వస్తువని నేటి పట్టణవాసులు భయపడుదురు. చట్టము మాత్రము పనిముట్టును ఆయుధమును వేఱుగా చూచినది. 1959 నాటి ఆయుధచట్టముక్రింద 1962లో చేసిన నియమములలో, 9 అంగుళములకు మించిన పొడవుగాని 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగులను ఆయుధములుగా నెంచుచు, గృహకృత్యములకును వ్యవసాయమునకును ఉద్దేశింపబడినవానిని మినహాయించిరి. ఇది న్యాయము. మిరపబస్తా మూతికుట్టు విప్పుటకు, పురికొస తెంచుటకు, పందుంపుల్ల చెక్కుటకు, మామిడికాయ కోసి మనుమలకు పంచుటకు కత్తి కావలెను. పలుపు మెడకు బిగిసి గిలగిల తన్నుకొను నెద్దును చూచినవాడు, మొలకత్తి యేల యని మఱి యడుగడు. ఆ క్షణమున ఇంటికి పోయి కత్తి తెచ్చునంత వ్యవధి యుండదు.

ఇప్పుడు మా యూరి సంగతి చెప్పవలెను. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యముగ వచ్చుచున్న మునసబు కరణముల పదవులను రద్దు చేసెను. గంటమునకు మిగిలియున్న యధికారచ్ఛాయయు ఆనాటితో ముగిసెను. 2014లో రాష్ట్రము రెండైనది. మఱుసటియేడు నూతన రాజధాని కొఱకు తుళ్లూరు మొదలైన 29 గ్రామముల రైతులు 33,000 ఎకరములకు పైగా భూమిని సమీకరణపద్ధతిని ఒప్పగించిరి. 2015 అక్టోబరు 22వ తేదీన ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగెను. ఆ తరువాతి వివాదములు లోకమునకు తెలిసినవే; వాని జోలికి నేను పోను. నా కన్నులయెదుట జరిగినది మాత్రము చెప్పెదను. పత్తిచేలగట్లు పోయినవి. గట్టుమీది తుమ్మచెట్టు పోయినది. పొలమునకు సర్వేనంబరు పోయి స్థలమునకు ప్లాటునంబరు వచ్చినది. పట్టా కంప్యూటరులో నున్నది. నా రైతుమిత్రుని మొలకత్తికి కోయుటకు చేనులేదు. నా గంటమునకు గీయుటకు ఆకులేదు. ఒకప్పుడు ఒకదానినొకటి శంకించిన రెండు కత్తులును నేడు ఒకే బండమీద పనిలేక ప్రక్కప్రక్కన పడుకొన్నవి.

దీనికి నేను కన్నీరు కార్చుటలేదు. చదువు అందఱికిని వచ్చిన యూర ఒక్కని గంటము పెత్తనము పోవుట మంచిదే. నా వృత్తియే దానిని పోగొట్టుట. నలువదియేండ్లకు చేరువగా బాలురకు అక్షరములు దిద్దించితిని. కాని పెత్తనము పోవుట వేఱు, జ్ఞాపకము పోవుట వేఱు. ఇండ్లు పడగొట్టి మేడలు కట్టునపుడు అటుకలమీదినుండి తాటాకుకట్టలు దిగుచున్నవి. చదువలేమని కొందఱు వానిని పుణ్యమనుకొని కృష్ణలో కలుపుచున్నారు. గంటములు పాతయినుముతో తూకమునకు పోవుచున్నవి. పొలమెట్లుండెనో చెప్పుటకు పొలమే సాక్ష్యముగా నున్నంతకాలము ఆకులు పోయినను కొంత నయము. గట్టులు చెఱిగిపోయిన ఈ 29 గ్రామములలో, ఏ చెఱువు ఎచ్చటనుండెను, ఏ చేనికి ఏ పేరుండెను అను విషయమునకు ఇక వ్రాతయే సాక్ష్యము.

కావున శ్రోతలకు నాదొక ప్రార్థన. మీ యింట తాటాకుకట్ట యున్నచో విప్పి విఱువకుడు, నీట వేయకుడు. పొడిగుడ్డలో చుట్టి యుంచుడు. తిరుపతి ప్రాచ్యపరిశోధనాలయమును, హైదరాబాదునందలి ప్రాచ్యలిఖిత గ్రంథాలయమును ఇట్టివానిని భద్రపఱచు స్థలములు. 2003లో కేంద్రప్రభుత్వము లిఖితప్రతుల రక్షణకై ఒక జాతీయసంస్థను గూడ నెలకొల్పినది. గంటము దొరకినచో దానిని ఏ తాత పట్టెనో, ఏ యూరి లెక్కలు వ్రాసెనో ఇంటిలోని పెద్దలనడిగి ఒక కాగితముపై వ్రాసి దానికి కట్టియుంచుడు. పేరులేని గంటము ఇనుపముక్క. పేరుగల గంటము సాక్షి. రైతుల మొలకత్తులకును ఇదే న్యాయము. ఏ కమ్మరి చేసెను, ఏ చేనిలో వాడిరి అను రెండు మాటలు చాలును.

కమ్మరి తాత చెప్పినట్లు గంటము పొలములను కోసిన మాట నిజము. ఆ కోత యెచ్చటెచ్చట పడెనో మన మనుమలు చదువుకొనుటకు ఆ గంటము గీచిన గీతలే యాధారమను మాటయు అంతే నిజము.